మాల్యాద్రి బ్యారన్ కప్పు మీద వరిగడ్డి

నిన్న పొద్దున దుత్తలూరు సెంటర్‌లో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

"మాల్యాద్రి పోయినాడు" అన్నారు.

"ఏ మాల్యాద్రి?" అన్నాను. మా పక్క ప్రతి ఊళ్లో నలుగురు మాల్యాద్రులు ఉంటారు. ఇంకెవరో అయి ఉంటాడులే అనుకున్నాను.

"నీ బావమరిదే" అన్నారు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.
ఊరికి ఎట్లా వచ్చానో గుర్తు లేదు.

నాకు రాయడం సరిగా రాదు. ఫోన్‌తో మాట్లాడితే అదే రాసుకుంటోంది. తప్పులుంటే దాన్ని తిట్టుకోండి.

మాల్యాద్రి నా భార్య రమణమ్మకు తమ్ముడు. డెబ్బై దాటాడు. మొన్న సాయంత్రం కూడా సంగటి తిని, నాకు ఫోన్ చేసి వెక్కిరించి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. అట్లాంటి చావుకు ఏడవకూడదు. నేను ఏడవడం లేదు.

వాడి గురించి ఒక సంగతి చెప్పాలి. తొంభైల నాటిది.

ఉదయగిరి కొండ దిగువన మా ఇద్దరి చేలూ పక్కపక్కనే. ఇద్దరం పొగాకు వేసేవాళ్లం. బ్యారన్లు కూడా ఒకే గట్టు మీద ఉండేవి. బ్యారన్ అంటే పచ్చి ఆకును వేడితో ఎండబెట్టే ఎత్తైన గది. కింద పొయ్యి, పైన రేకుల కప్పు. ఆకు ఎండేదాకా, అంటే దాదాపు వారం రోజులు, మంట తగ్గకూడదు. తగ్గితే ఆకు నల్లబడుతుంది. నల్లాకు ఎవడూ కొనడు.

ఆ పొయ్యిలో కట్టెంతా కొండదే.

మా చిన్నప్పుడు పొద్దున పోయిన బండి మధ్యాహ్నానికి నిండుగా దిగేది. తొంభైలు వచ్చేసరికి పోయిన బండి మర్నాటికి గానీ వచ్చేది కాదు. దగ్గరి చెట్లన్నీ మేమే కాల్చేశాం.

అప్పుడు ఆత్మకూరులో పొగాకు రైతులకు ఒక మీటింగ్ పెట్టారు. ఒక ఆఫీసర్ మైకులో చెప్పాడు. అడవులు నరికితే భూమి వేడెక్కుతుందట. దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటున్నాయట. మన ఆకు కొనే విదేశాల వాళ్లు రేపు ఆకు రంగు ఒక్కటే చూడరు, దేంతో ఎండబెట్టారో కూడా అడుగుతారట.

నేను లేచాను.

"మా కొండ కట్టెతో వాళ్లకేం పని సార్? ముందు వాళ్ల కార్లు, ఫ్యాక్టరీలు ఆపమనండి!"

హాలంతా చప్పట్లు. మాల్యాద్రి ఒక్కడే కొట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్నాడు: "నువ్వు చెప్పింది నిజమే బావా. అయితే వాళ్ల కార్లు ఆపితే మన కొండకు చెట్లు మొలుస్తాయా ఏంది?"

నా మాట తప్పని ఇప్పటికీ అనుకోను. ఎక్కువ కాల్చింది వాళ్లే. కానీ ఆ రోజు ఊరు వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బోడి కొండనే చూశాను.

ఆ సీజన్‌కు వాడు వరి పండే సంగం నుంచి ట్రాక్టర్ నిండా వరిగడ్డి తెచ్చాడు. బ్యారన్ రేకుల మీద మందంగా పరిచి, పైన మట్టి మెత్తాడు. వేడి పైకి పోకుండా ఆపుతుందట.

మా మెట్ట ఊళ్లలో ఎండాకాలం గడ్డి అంటే గొడ్ల ప్రాణం. రమణమ్మ గట్టు మీదికి వచ్చి కేకలు పెట్టింది. "గొడ్ల నోటికాడి మేత తెచ్చి రేకుల మీద పరుస్తావా? నీకేమన్నా గాలి సోకిందా రా?"

నేనూ ఊరుకోలేదు. "బ్యారనుకు దుప్పటి కప్పినావు సరే, దిండు కూడా పెట్టరా!"

నవ్వానే గానీ భయం కూడా ఉంది. ఒక్క నిప్పురవ్వ పడితే గడ్డి, ఆకు, బ్యారన్ అన్నీ పోతాయి. మళ్లీ కట్టే స్తోమత వాడికి లేదు.

ఇద్దరం ఒకే రోజు బ్యారన్లలో ఆకు ఎక్కించి మంట వేశాం.

మూడో రోజు చూస్తే నేను రెండుసార్లు కట్టె తోస్తుంటే వాడు ఒక్కసారే తోస్తున్నాడు. మిగతా టైమంతా వేపచెట్టు కింద బీడీ. వీడి పని అయిపోయింది, ఆకు నల్లబడుతోంది అనుకుని వెళ్లాను. లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా. అబద్ధం ఎందుకు?

కిటికీ అద్దంలోంచి థర్మామీటర్ చూశాను. నా దానికంటే ఎక్కువ వేడి ఉంది.

"నీ థర్మామీటర్ చెడిపోయిండాదిరా" అన్నాను.

వాడు దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. "తీసకపోయి నీ దాంట్లో పెట్టుకో బావా. నీది నాకియ్యి."

మార్చుకున్నాం. అప్పుడూ నా బ్యారనే చల్లగా ఉంది.

అసలు దెబ్బ ఆరో రోజు తగిలింది. ఆకు ఎండింది, దాని మధ్యలో ఈనె ఎండాలి. అప్పుడే వేడి బాగా కావాలి. నా కట్టె అయిపోయింది. పొద్దున రావాల్సిన బండి మధ్యాహ్నం దాటినా కొండ దిగలేదు. మంట కుంగుతోంది. నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. వాడిని అడగడానికి నోరు రాలేదు.

అడగాల్సిన పని పడలేదు. వాడే తన దగ్గర మిగిలిన కట్టె భుజాన వేసుకుని వచ్చి నా పొయ్యి ముందు పడేశాడు. అట్లా ఎన్నిసార్లు తిరిగాడో!

"నీ దానికి ఆకలెక్కువ బావా" అన్నాడు.

ఇద్దరి ఆకూ నిమ్మపండు రంగులో దిగింది.

మరుసటి ఏడు నేనూ సంగం గడ్డి తెచ్చాను. రేకులు కారుతున్నాయి, అందుకే కప్పాను అని ఊరంతా చెప్పాను. వాడు విన్నాడు. నవ్వకుండా పైకెక్కి నాతో పాటు మట్టి మెత్తాడు. రెండు మూడేళ్లలో మా ఊళ్లో గడ్డి కప్పని బ్యారన్ లేదు. కొండంతా పచ్చబడిందని చెప్పను గానీ, బండి మళ్లీ పొద్దున పోయి సాయంత్రానికి దిగేది.

మా ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో, ఎన్ని పంతాలు వచ్చాయో! వాడు నన్ను ఎగతాళి చేయని రోజు లేదు. కానీ ఆ కట్టె సంగతి ఒక్కనాడూ బయటపెట్టలేదు. వాళ్ల అక్కకు కూడా చెప్పలేదు. రమణమ్మకు ఇందాకే నేను చెప్పాను. నా ముఖం చూసి, లోపలికి పోయింది.

ఇప్పుడే మట్టి చేసి వచ్చాను.

ఒరే మాల్యాద్రీ, ఆ ఏడు నా ఆకు నీ కట్టెతోనే ఎండింది. అందరూ చూసేట్టు రాశాను.
ఇంక నీకు దాచే పని లేదు. నిమ్మళంగా ఉండరా.