రెండు బాక్సులు, ఒక్క చెయ్యి

మొన్న శనివారం సాయంత్రం, పక్కింట్లోకి కొత్తగా దిగినాయన మా గేటు దగ్గర నిలబడి చాలా మర్యాదగా, "మీ బోరు మోటారు ఏదో తేడా చేసినట్టుందండీ. గోడలోంచి మూలుగు వినిపిస్తోంది" అన్నాడు. నవ్వాపుకుని ఆయన్ని లోపలికి తీసుకెళ్లాను. ముందు గదిలో మా ఆవిడ కుర్చీలో కూర్చుని, ఒళ్లో బేస్ గిటార్ పెట్టుకుని, ఆదివారం ఆరాధనలో పాడే పాటలు సాధన చేసుకుంటోంది. పక్కనే రెండు నల్లటి స్పీకర్ బాక్సులు. వంటింట్లో స్టాండు మీద స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. యాభై దాటిన మనిషి చేతిలో ఆ వాద్యం చూసి ఆయన, "ఈ చిన్న డబ్బాల్లోంచేనా అండీ ఇంత మోత?" అంటూ ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని, బరువుంటుందనుకుని ఒక్క ఊపున లేపబోయి వెనక్కి తూలాడు. మా ఆవిడ వాయించడం ఆపకుండానే, "ఒక్క చెయ్యి చాలండీ" అంది. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు గానీ, ఆ మాట మాత్రం నన్ను పట్టుకుని నిరుటి కోతపండుగ దాకా లాక్కుపోయింది.

అసలు ముందు నుంచీ చెప్పాలి. మా మావగారు గుడివాడలో చర్చి గాయకబృందాన్ని నడిపేవారు. ఎక్కడి నుంచో వాద్యాలు కొనుక్కొచ్చి పిల్లలకు పంచితే, మా బావమరుదులు ముగ్గురూ గిటారు, కీబోర్డు, డ్రమ్ములు తీసేసుకున్నారు. లావు తీగలతో అడుగు స్వరాలు మాత్రమే పలికే బేస్ గిటార్ జోలికి ఎవరూ వెళ్లలేదు. దాని మీద పాట వాయిస్తే ఏ పాటో ఎవరూ పోల్చుకోలేరు, వాయించిన వాళ్లని అంతకన్నా పోల్చుకోలేరు. అలా అందరూ వడ్డించుకున్నాక గిన్నెలో మిగిలిన కూరలాగా అది మా ఆవిడ వాటాకి వచ్చింది. ఆవిడేమో దాన్నే పట్టుకుని వదల్లేదు. బేస్ ఉన్నంతసేపూ ఉన్నట్టు తెలియదని, ఆగిపోయిన క్షణాన పాట కింద నేల లేదని తెలుస్తుందని ఆవిడ అంటూ ఉంటుంది. నాకు సంగీతం రాదు. పెళ్లయిన కొత్తలో తల ఊపేవాణ్ణి, తరవాత్తరవాత నిజంగానే వినడం అలవాటైంది.

ఆ గిటారుకి మావగారు గుడివాడలోనే ఒక వడ్రంగి చేత బాక్సు చేయించారు. పదికాలాలు ఉండాలని చెప్పి మందపాటి చెక్క వేయించారు. అందులో ఇనప అయస్కాంతాలున్న పెద్ద స్పీకర్లు రెండు. నిలబెడితే నా గుండెల దాకా వచ్చేది. పెళ్లయ్యాక అది బందరులో మా ఇంటి ముందు మినీ లారీలోంచి దిగుతుంటే, మోసేవాళ్లు నలుగురూ దేవుణ్ణి తలుచుకున్నారు. మా అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీని తాళంచెవి ఏదమ్మా?" అని కోడల్ని అడిగింది. ఆ రోజు నుంచి దానికి బీరువా అనే పేరు ఖాయమైపోయింది. చర్చిలో కుర్రాళ్లు కూడా, "బీరువా ఎక్కించార్రా?" అనే అనుకునేవారు.

చిక్కల్లా ఆ ఎక్కించడంలోనే ఉంది. మా బందరు చర్చిలో వాయించినంతవరకూ ఇబ్బంది లేదు. ఘంటసాలలోనో, బంటుమిల్లి అవతలో, దివిసీమలోనో ప్రార్థన కూటాలంటే వ్యాన్ కట్టుకుని వెళ్లాలి. డ్రమ్ములు ఎక్కాక, కీబోర్డు ఎక్కాక, మనుషులు ఎక్కాక, బీరువాకి చోటు మిగిలితే మిగిలినట్టు. మిగలనప్పుడు కుర్రాళ్లలో ఒకడు తల గోక్కుంటూ వచ్చి, "ఆంటీ, ఈసారికి బేస్ లేకుండా కానిచ్చేద్దామండి" అనేవాడు. మంచి పిల్లలే. వాళ్ల నడుములు కూడా నడుములే కదా. మా ఆవిడ, "సరే బాబూ" అని, గిటారు ఇంట్లో పెట్టేసి, ఆ ఊరు వెళ్లి, ఆడవాళ్ల చాపల మీద కూర్చుని అందరితో పాటు పాడి వచ్చేది. తిరుగు ప్రయాణంలో మాట్లాడేది కాదు. ఆ కోపమంతా మర్నాడు చపాతీ పిండి మీద చూపించేది. ఏ నెలలో ఎంత మెత్తటి చపాతీలు తిన్నానో నాకు బాగా గుర్తు.

ముందటేడు ఆవిడకు ఎడమ రొమ్ములో గడ్డ కనపడింది. ఆపరేషన్ చేశారు, ఆ తరవాత మందులు ఎక్కించారు, జుట్టు రాలిపోయింది, మళ్లీ పొట్టిగా ఒత్తుగా వచ్చింది. ఆ రోజుల గురించి ఎక్కువ రాయబుద్ధి కాదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, చంకలో గ్రంథులు తీసేశాం కాబట్టి ఎడమ చేత్తో బరువులు ఎత్తొద్దని, ఎత్తితే చెయ్యి వాచిపోతుందని చెప్పింది. మా ఆవిడ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "వేళ్లు ఆడించొచ్చా అండీ?" అని. ఎంత ఆడిస్తే అంత మంచిదంది డాక్టరమ్మ. గిటారు బెల్టు ఎడమ భుజం మీదే పడుతుంది కనుక ఇక నిలబడి వాయించే పని లేదు, కుర్చీ వేసుకుంటానని దారిలోనే తేల్చేసింది. పలకరించడానికి వచ్చిన వాళ్లందరూ ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. పాస్టరుగారు కూడా, "మీరు ప్రార్థనలో ఉండండమ్మా, అది చాలు" అన్నారు. "ప్రార్థన ఎలాగూ చేస్తానండీ. కోతపండుగకి దివిసీమ కూడా వస్తాను" అంది.

కోతపండుగ జరిగేది కోడూరు వైపు, ఆవిడ అమ్మమ్మగారి ఊళ్లో. కోతలయ్యాక జనం మొదటి ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు చర్చికి తెచ్చి అర్పిస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ ఊరి పండుగంటే మా ఆవిడకు ప్రాణం. బీరువాని నేను ఎలాగోలా చేరుస్తానన్నాను. "మీ నడుం సంగతి నాకు తెలీదా?" అంది. కుర్రాళ్లకు చెబుతానన్నాను. అప్పుడు నా వైపు తిరిగి నెమ్మదిగా, "నేను మొయ్యగలిగిందే కొంటానండీ. ఇంకోళ్లు మొయ్యాల్సింది ఇంకోళ్ల వీలుని బట్టే నడుస్తుంది" అంది. ఆ గొంతు నాకు తెలుసు. దాని మీద అప్పీలు ఉండదు.

కొనడానికి ముందు ఎంత మొయ్యగలదో తేలాలి కదా. ఒక గుడ్డ సంచీలో బియ్యం పోసి, కుడి చేత్తో పట్టుకుని, పడగ్గది నుంచి గేటు దాకా నడవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఒక డబ్బా బియ్యం కలిపేది. ఇంకొన్నాళ్లకు ఇంకో డబ్బా. మొదట్లో సంచీ దించేసరికి పెదాలు తెల్లబడేవి. నేను వెనకాలే నడుస్తుంటే, "దొంగని పట్టుకున్న పోలీసులా ఏంటండీ అది, అటు కూర్చోండి" అని కసిరేది. వానాకాలం పోయేసరికి సంచీ పన్నెండు కిలోల దగ్గర ఆగింది. అక్కడి నుంచి ఎంత ప్రయత్నించినా ముందుకు కదల్లేదు. "సరే, నా బాక్సు ఇంతకు మించకూడదు" అని, చేపలమ్మే ఆవిడ దగ్గర కొక్కెం త్రాసు అడిగి తెచ్చుకుని, గుడివాడలో సౌండ్ సామాను అమ్మే కొట్టుకి నన్ను బయల్దేరదీసింది.

కొట్టాయన నన్ను చూసి, "రండి సార్, ఏం వాయిస్తారు సార్?" అన్నాడు. వాయించేది ఆవిడండీ అన్నాను. అయినా అలవాటు కొద్దీ చెప్పేదంతా నాకే చెప్పాడు. ఒకే బాక్సులో రెండు స్పీకర్లున్నది చూపించి, మోత ఎక్కువ, ధర తక్కువ, పైగా కింద చక్రాలున్నాయి అన్నాడు. మా ఆవిడ వంగి ఆ చక్రాల్ని వేలితో తిప్పి, "ఇవి బస్సు మెట్లెక్కుతాయా అండీ? కాలవగట్టు మీద దొర్లుతాయా?" అంది. అప్పుడు ఆయన ఆవిడ వైపు తిరిగాడు. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. ఈ మధ్య స్పీకర్లకు తేలికైన అయస్కాంతాలు వస్తున్నాయని, పల్చటి ప్లైవుడ్‌తో చేసిన బాక్సులు సగం బరువు కూడా ఉండవని చెప్పి, ఒక్కొక్క స్పీకరే ఉన్న చిన్నవి లోపలి నుంచి తెచ్చాడు. ఆవిడ కొక్కెం తగిలించి తూచింది. ఒకటి తేలికే గానీ పట్టుకునే పిడి పక్కన ఉంది, నడుస్తుంటే మోకాలికి కొట్టుకుంటోంది. ఇంకోదానికి పిడి నడినెత్తిన ఉంది. పదకొండు కిలోలు. దాన్ని పట్టుకుని కొట్టులో అటూ ఇటూ నడిచింది.

ఇక వినడం మిగిలింది. గదిలో ఏదైనా గొప్పగానే మోగుతుంది, పందిట్లో ఎలా ఉంటుందో కావాలంటూ బాక్సుని వాకిట్లో పెట్టించి, వెంట తెచ్చుకున్న గిటారు నా చేతికిచ్చి, "ఈ లావు తీగ మీటుతూ ఉండండి, ఆపకండి" అని రోడ్డు వెంబడి నడుచుకుంటూ వెళ్లిపోయింది. బట్టతల, కళ్లజోడు, చంకలో బేస్ గిటారు! ఆటోస్టాండు వాళ్లు టీ గ్లాసులు పట్టుకుని మరీ చూశారు. చాలాసేపటికి తిరిగొచ్చి, ఒక్క బాక్సుతో ఆటోస్టాండు దాటాక మోత పలచబడుతోందంది. రెండోది కూడా తగిలిస్తే ఆంప్లిఫయర్ తన పూర్తి సత్తా ఇస్తుందని కొట్టాయన అన్నాడు. ఆ ఆంప్లిఫయర్ కూడా ఇప్పుడు చేతి సంచీలో పట్టేంత అయింది. "రెండు తీసుకుంటా. రెండుసార్లు తిరుగుతా" అంది. చివర్న, చాలా పొడుగాటి స్పీకర్ తీగ ఒకటి విడిగా అడిగింది. అంత తీగ ఎందుకని కొట్టాయన అడిగాడు, నేనూ అడిగాను. "ఉండనివ్వండి" అంది.

పండుగ రోజు వ్యాన్ వద్దంది. పొద్దున్నే బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాం. మాకు పని విభజన జరిగిపోయింది. గిటారు, ఆంప్లిఫయర్ సంచీ నావి. ఆవిడ ఒక బాక్సు ఎక్కించి వచ్చేదాకా రెండోదానికి నేను కాపలా. కండక్టరు, "ఇటివ్వండమ్మా" అని చెయ్యి చాపితే, "వద్దు బాబూ" అని నవ్వింది. చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డలో దిగి, ఆటో మాట్లాడుకుని ఊరి పొలిమేర దాకా సుఖంగానే వెళ్లాం. అక్కడ కాలవ మీద వంతెన పడగొట్టి కొత్తది కడుతున్నారు. ఆటో అవతలికి వెళ్లదు. మనుషులు నడవడానికి మట్టి బాట వేశారు. చర్చి గంట గోపురం గట్టు చివర, అల్లంత దూరాన కనపడుతోంది.

ఆవిడ ఒక బాక్సు అందుకుంది. కొంత దూరం వెళ్లి దించి, వెనక్కి వచ్చి రెండోది పట్టుకుని మొదటిదాని పక్కకు చేర్చింది. మళ్లీ మొదటిది. ఈలోపు ముందే చేరుకున్న గాయకబృందం కుర్రాళ్లు చూసి పరిగెత్తుకొచ్చారు. "ఆంటీ, ఇలా ఇచ్చేయండి, రెండు నిమిషాల్లో పెట్టేస్తాం" అన్నారు. ఆవిడ బాక్సు దించి, అరచెయ్యి కొంగుకి తుడుచుకుని, "మీరు మంచోళ్లేరా. ఇన్నేళ్లూ మీరు మోస్తేనే వాయించాను. ఇక మీదట వాయించాలా వద్దా అన్నది వ్యాన్ చెప్పకూడదు, నా చెయ్యి చెప్పాలి. వెళ్లి మీ పని చూసుకోండి" అంది. వాళ్లు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

సగం దారికి వచ్చేసరికి ఆవిడ నాలుగడుగులకోసారి బాక్సు దించడం మొదలుపెట్టింది. పొట్టి జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. నాకు భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది. అప్పుడే చర్చి వైపు నుంచి ఊళ్లో ఆడవాళ్లు నడిచి వచ్చారు. ముందు ఆవిడ పిన్ని, డెబ్బై దాటిన మనిషి, చేతిలో నీళ్ల చెంబు. ఇక ఆపమంటుందనుకున్నాను. పిన్నిగారేమో చెంబు అందించి, "తాగు. తాగి ఎత్తు" అంది. ఆ తరవాత ఎవరూ బాక్సు ముట్టుకోలేదు. మా ఆవిడ ముందుకు నడిస్తే ముందుకు నడిచారు, రెండో బాక్సు కోసం వెనక్కి వస్తే వెనక్కి వచ్చారు. ఎవరి పొలం ఎన్ని బస్తాలైంది, ఎవరి కోడలికి నెలలు నిండాయి, అన్నీ మాట్లాడుకుంటూ గట్టు పొడుగునా అటూ ఇటూ నడిచారు. మేం చర్చి ముందు వేసిన పందిట్లోకి చేరేసరికి పాస్టరుగారు మా కోసం ఆగుతూ, ఉన్న ప్రకటనలన్నీ చదివేసి, లేనివి చదువుతున్నారు.

పందిట్లో ఎప్పటిలాగే కుడి వైపు మగవాళ్లు, ఎడమ వైపు ఆడవాళ్లు. సౌండ్ సామానంతా జెనరేటర్ దగ్గర, మగవాళ్ల వైపే. మా ఆవిడ ఒక బాక్సు అటు పెట్టి, రెండోది ఆడవాళ్ల చాపల ముందుకి తెచ్చింది. మైకుసెట్టు ఆయన, "అటు కరెంటు లైను లేదమ్మా" అన్నాడు. "దీనికి కరెంటక్కర్లేదు, ఈ తీగ చాలు" అంటూ సంచీలోంచి ఆ పొడుగాటి తీగ తీసింది. వ్యాన్‌లో చోటు లేదన్నప్పుడల్లా వచ్చి ఆ చాపల మీద కూర్చున్న మనిషికి, అక్కడికి ఏం వినిపిస్తుందో, ఏం వినిపించదో మా అందరికన్నా బాగా తెలుసు.

మొదటి పాట మొదలైంది. చాపలు, చాపల కింద ఎండుగడ్డి, ముందు వరసలో పెట్టిన కోళ్ల గంప, అన్నీ సన్నగా అదిరాయి. పిన్నిగారు ఒక చెయ్యి నేల మీద ఆనించి, మా ఆవిడ వేళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. పాట అయ్యాక అందరికీ వినపడేలా, "ఇదేనటే నువ్వు వాయించేది? ఇన్నేళ్లూ ఊరికే పట్టుకు నిలబడతావనుకున్నానే అమ్మాయ్!" అంది. చాపల మీద వాళ్లంతా నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వబోయి, నవ్వలేక, తల దించుకుని తీగలు సవరించుకుంది.

బీరువాలో స్పీకర్లు తీసేయించి అరలు కొట్టించాం. ఇప్పుడందులో దుప్పట్లున్నాయి. మా అమ్మ ఉంటే సంతోషించేది, తాళంచెవి కూడా ఉంది. బియ్యం సంచీ ఇంకా తలుపు వెనకే ఉంది. వచ్చే నెల మళ్లీ ఆస్పత్రికి పరీక్షలకు వెళ్లాలి, దాని తరవాత మళ్లీ కోతపండుగ. ఇంకా ఎన్ని పండుగలని నేను లెక్కపెట్టుకోవడం మానేశాను. ఆ రోజు గట్టు మీద ఎంతసేపు నడిచామో మా ఇద్దరిలో ఎవరం గడియారం చూడలేదు. ఎత్తడం, కాస్త దూరం వెళ్లి దించడం, రెండోదాని కోసం వెనక్కి రావడం, అదే మాకిప్పుడు కాలం.