సారయ్య గాజుపెట్టెలో సముద్రం

సిద్దిపేటలో సముద్రం ఉండేదంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. ఉండేది. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. రేడియోలు, బ్యాటరీలు బాగుచేసే సారయ్య దుకాణం వెనక గదిలో, గాజుపెట్టెలో ఉండేది. పున్నమినాడు అందులో అలలు లేచి ఆయన బనీను తడుపుతాయని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది సారయ్యే. అట్లాగైనా నలుగురు వచ్చి చూస్తారని ఆశ. మొదట్లో వచ్చారు. తర్వాత ఇంటింటికీ కలర్ టీవీ వచ్చింది.

భార్య పోయిన ఏడాది రేడియో సామానుకని మద్రాసు వెళ్లి, నారింజ ఒంటిమీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, పగడపు మొక్క ఒకటి తెచ్చుకున్నాడు. బందరు లారీ డ్రైవర్ నెలకోసారి డబ్బాలో సముద్రపు నీళ్లు తెచ్చి ఇచ్చేవాడు.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఒక చేప చచ్చిపోయింది. రెండోది మూలకు చేరి రొప్పసాగింది. దాన్ని సారయ్య 'పటేలా' అని పిలిచేవాడు. అదీ పోతే, ఆ ఇంట్లో ఆయన మాట్లాడడానికి మరో ప్రాణి లేదు.

చేయని వైద్యం లేదు. గాలి పంపు విప్పి కడిగాడు. కరెంటు పోయినా ఆగకుండా దానికి బ్యాటరీ తగిలించాడు. మేత తగ్గించాడు. ఎండకు రోజూ నీళ్లు తగ్గుతుంటే, తగ్గినంతా డబ్బాలోని సముద్రపు నీళ్లతోనే నింపాడు. పెట్టె అంచున తెల్లగా పేరుకున్న ఉప్పును గుడ్డతో తుడిచేవాడు. పగడపు మొక్క మాత్రం ముడుచుకుని, విప్పారనే లేదు.

ఒక పొద్దున అక్కన్నపేట పర్శరాములు ట్రాక్టర్ బ్యాటరీ మోసుకొచ్చాడు. నీళ్లు తగ్గాయని, బలంగా ఉంటుందని, యాసిడ్ పోశాడట.

"ఎండకు ఎగిరిపోయేది నీళ్లేనే పర్శరాములూ. యాసిడ్ గాడనే ఉంటది. పోయినదాన్ని పొయ్యాలె గని, ఉన్నదాన్నే మల్ల పోస్తవా?" అని కసిరాడు సారయ్య.

కసిరి, నోరు తెరిచినవాడు తెరిచినట్లే ఉండిపోయాడు.

"ఏమైంది సారన్నా? దవాఖానకు పోదమా?"

"నాకేం గాలె. నువ్వు నయం, బ్యాటరీనే ఖరాబు చేసినవ్."

బ్యాటరీల కోసం అరలో పెట్టిన, ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్ సీసా తీసుకుని వెనక గదిలోకి నడిచాడు. ఒక్కసారే పోస్తే చేప తట్టుకోలేదని, పెట్టెలోంచి ఒక గ్లాసు ఉప్పునీళ్లు తీసి, ఒక గ్లాసు చప్పనీళ్లు పోశాడు. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, సాయంత్రమొకటి.

తొమ్మిదోనాడు ముడుచుకున్న పగడపు మొక్క విప్పారింది. పటేలు మూల వదిలి వచ్చి, గాజుకు ఆనించిన ఆయన వేలి దగ్గర ఆగింది.

సారయ్య ఎవరికైనా చెప్పాలని వీధిలోకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి, గాజుపెట్టె ముందుకు కుర్చీ జరుపుకుని, కొత్త కత అల్లడం మొదలుపెట్టాడు.

"ఇగ విను పటేలా. పర్శరాములు బ్యాటరీ పేలితే, మూత గంత దూరం, వర్గల్ ఊరి దాకా ఎగిరింది..."