బాయిలరునూ పెద్దసారునూ ఒకటి చేసిన కథ

మా ఫ్యాక్టరీ మేనేజరును నిండు సభలో పాత సామాన్ల కింద జమకట్టిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వండి, పరవాలేదు, నాకు అలవాటైపోయింది.

చదువు అవగానే పటాన్‌చెరులో ఓ మందుల కంపెనీలో, కాగితాలు భద్రపరిచే విభాగంలో చేరాను. నేల మీద కాలు ఆనని రోజులవి. అక్కడ కాగితాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నా ఒక్కటీ దొరికేది కాదు. మేం ఒక పేరుతో వెతికితే, ఆపరేటర్లు ఇంకో పేరుతో రాసేవారు. "నేను ఒంటాలజీ కడతాను" అని ప్రకటించాను.

ఇరవై ఏళ్లుగా బాయిలర్ నడుపుతున్న యాదగిరన్న కంగారుపడ్డాడు. "ఏంది మేడం, ఒంటికేమన్న రోగమా?"

"కాదన్నా. ఏ మాటంటే ఏ వస్తువో, దేనికి దేంతోని సంబంధమో కంప్యూటర్‌కు నేర్పుడు. ఏ పేరుతోని అడిగినా కాగితం దొరుకుతది. చెప్పన్నా, బాయిలర్‌ను మీరేమంటరు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దసారు అంటం."

"గట్లెందుకు?"

"పొద్దుగాల తొమ్మిదింటికి వేడెక్కుతడు. ఇగ సాయంత్రం దాంక బుసలే. గది రాయకు మేడం, పరేషాన్ అయితది."

రాయకుండా ఉంటానా? "పెద్దసారు అంటే బాయిలర్" అని ఎక్కించేశాను. ముందు రోజే "పెద్దసారు అంటే మేనేజర్ సుబ్బారావుగారు" అని ఎక్కించిన సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు. కంప్యూటర్ మాత్రం బుద్ధిగా ఆలోచించింది: పేరు ఒకటే కాబట్టి ఇద్దరూ ఒకటే.

తనిఖీ రోజు రానే వచ్చింది. అది గట్టెక్కకపోతే మందుల పెట్టె ఒక్కటి కూడా గేటు దాటదు. తనిఖీకి వచ్చినావిడ కళ్లజోడు సవరించుకుని, "మేనేజర్‌గారి తాజా పరీక్ష రిపోర్టు చూపించండి" అన్నారు. డాక్టరు రాసిచ్చే ఆరోగ్య పరీక్ష అన్నమాట. నేను మహా దర్జాగా మీట నొక్కాను. గోడమీది తెర నిండా కాగితం పరుచుకుంది.

ఆవిడ పైకే చదివారు. "లోపలి గొట్టాలు పూడిపోయినవి. కారణం లేకుండా వేడెక్కుచున్నది. పొట్ట భాగమున తుప్పు. మరమ్మతు దండగ."

సుబ్బారావుగారు కుర్చీలోంచి లేచారు. "ఏంటమ్మా ఇది? ఎవర్ని గురించి?"

పాపం, తలుపు దగ్గర నిలబడ్డ యాదగిరన్న నన్ను కాపాడబోయాడు. "అది మీరు కాదు సార్, ఇంకో పెద్దసారు."

"ఇంకో పెద్దసారు ఎవడయ్యా?"

"గదే సార్... బుసలు కొట్టెటోడు."

పది నిమిషాల్లో ఆ ఇద్దరినీ విడదీసి అసలు రిపోర్టు తీసి చూపించాను. తనిఖీ గట్టెక్కింది. అయినా ఆవిడ వెళుతూ వెళుతూ మొదటి కాగితాన్ని మళ్లీ తెరమీదికి తెప్పించి, దాని అడుగున వేలు పెట్టారు.

"'వెంటనే తొలగించి కొత్తది పెట్టవలెను.' ఈ సంతకం మీదే కదండీ, సుబ్బారావుగారూ?"

ఆయనదే.

కనుక సమస్త ఫైళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ మనిషీ ఏ యంత్రమూ ఎంత అచ్చుగుద్దినట్టున్నా, ఇకమీదట వాళ్లకు నేను చుట్టరికం కలపను.