గంగారాం అన్న బండిలో నేను బిగించిన డబ్బా

నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఇది. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ఆగితే మళ్లీ చెప్పలేను.

ఆర్మూర్‌లో బండ్లకు జీపీఎస్ డబ్బాలు బిగించడం నా పని. ఒక పసుపు వ్యాపారి తన వ్యాన్‌కు పెట్టించాడు. డ్రైవర్ గంగారాం ఆయన సొంత తమ్ముడే. బిగిస్తుంటే అడిగాడు:

"తమ్మీ, గిది నన్ను సూస్తదా?"

"లేదన్నా. బండి ఎవడన్న ఎత్తుకపోతే దొరకవట్టనీకే."

అబద్ధం. బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో అంతా నా ఫోన్‌లో కనబడుతుంది. మ్యాప్ మీద ఆ బండి చుక్కలా కదులుతుంటే నాకెంత సంబరమో! అన్నం తింటూ కూడా చూసేవాణ్ణి.

వేలం మొదలయ్యేలోపు నిజామాబాద్ మార్కెట్ యార్డులో సరుకు రాశి పోయాలి కాబట్టి పసుపు బండి దారిలో ఆగదు. ఈ బండి మాత్రం ప్రతిసారీ మాక్లూర్‌లో ఇరవై నిమిషాలు ఆగేది. ఎందుకు? నాకేం పని? అయినా బైకేసుకుని వెళ్లాను. ఒక రేకుల ఇంటి అరుగు మీద గంగారాం అన్న, తన కూతురు పెట్టిన జొన్నరొట్టె తింటున్నాడు. మనసుపడ్డవాణ్ణి చేసుకుందని ఇంటిల్లిపాదీ వెలేసిన కూతురు. అందరి ముందూ "నాకు బిడ్డ లేదు" అన్నవాడే ఆయన.

తర్వాత వాళ్లన్న, ఆ పసుపు వ్యాపారి, బండి మాక్లూర్‌లో ఆగుతోందని నా దుకాణానికొచ్చి, తమ్ముడు దారిలో సంచులు దించుతున్నాడేమోనని అనుమానపడ్డాడు.

"దొంగతనం కాదు సేటూ, బిడ్డను సూసొస్తుండు," అన్నాను.

కాపాడటానికే అన్నానా? చాలాకాలం నన్ను నేను అలాగే నమ్మించుకున్నాను. కాదు. నా డబ్బాకు ఎంత తెలుసో గొప్పగా చూపించుకోవాలన్న తహతహ, అంతే.

వారం తిరక్కముందే ఆ వ్యాపారి మాక్లూర్ వెళ్లి ఆ పిల్లను నానా మాటలూ అన్నాడు. ఆమె ఇల్లు ఖాళీ చేసి, తండ్రికి కూడా చెప్పకుండా ఎటో వెళ్లిపోయింది. పక్కింటివాళ్లే ఈ సంగతి తన అన్న చెవిన వేశారని గంగారాం అన్న ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ఈ పొద్దున సొంతానికి కొనుక్కున్న పాత ట్రాలీ ఆటో తెచ్చాడు. "నీ మీద నమ్మకంతోటి అచ్చిన తమ్మీ. డబ్బా పెట్టు. ఎవడన్న ఎత్తుకపోతే దొరుకుతది గదా!"

నా అబద్ధాన్ని నాకే అప్పజెప్పాడు. ఇక ఆగలేకపోయాను. "అన్నా, గా డబ్బా నిన్ను సూసింది. మాక్లూర్ ముచ్చట చెప్పింది నేనే."

ఆయన తిట్టలేదు. నా ముఖం కూడా చూడకుండా బండి తీసుకుని వెళ్లిపోయాడు.

చెప్పేశాను! క్షమించడని తెలుసు, అయినా ఒళ్లంతా తేలికైంది. ఆ ఆటోకు డబ్బా బిగించలేదు, ఆయన ఎటు వెళ్లాడో నాకు తెలియదు.