అక్కా, ఆషాఢం సేలూ

మొన్న మిక్సీ జారు పగిలిపోతే ఫోనులో కొత్తది తెప్పిద్దామని కూర్చున్నాను. దసరా ఆఫర్లట, తెర నిండా పటాకులు పేలుతున్నాయి. జారు దొరికింది. ఎక్కడికి పంపాలని అడుగుతూ ఫోను రెండు చిరునామాలు చూపించింది. ఒకటి మిర్యాలగూడలో మా ఇల్లు, రెండోది కోదాడలో అక్క ఇల్లు. అక్క పోయి మూడు నెలలు దాటింది. రెండోదాన్ని తీసేద్దామని వేలు పెడితే, నిజంగానే తీసెయ్యాలా అని మళ్ళీ అడిగింది. ఫోను పక్కన పెట్టి లేచి మజ్జిగ తాగాను. జారు ఇంకా తెప్పించనే లేదు. మా ఇంట్లో పచ్చడి రోట్లోనే నూరుతున్నారు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఏటా ఆషాఢంలో ఒక ఆదివారం ఆమె కోదాడలో బస్సెక్కేది, నేను మిర్యాలగూడలో ఎక్కేవాణ్ణి, ఇద్దరం సూర్యాపేటలో దిగేవాళ్ళం. బావకు బట్టల దుకాణమంటే తలనొప్పి, అందుకని ఆ కొలువు నాకు పడింది. అక్కకు ఒక పద్ధతి ఉండేది. మొదటి దుకాణంలో ఏదీ కొనకూడదు. మూడు దుకాణాలు తిరిగి, మూడుచోట్లా యాభై చీరలు విప్పించి, చివరికి మళ్ళీ మొదటి దుకాణానికే రావాలి. ట్యూబులైటు కింద రంగు నమ్మేది కాదు, చీరను గుమ్మం దాకా తెచ్చి ఎండకు పట్టి చూసేది. సేలు రోజుల్లో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు, ఒకరి చేతిలో చీర ఇంకొకరు గుంజుకుంటారు. అందుకని నచ్చినవన్నీ తెచ్చి, దుకాణంలో పరిచిన పరుపు మీద నా కింద పెట్టేది. “దీని మీద కూసో. లేస్తివా, ఎవలన్న ఎత్కపోతరు” అనేది. తరగతిలో పిల్లల్ని గడగడలాడించిన సైన్సు మాస్టర్ని, అక్కడ ఐదారు చీరల మీద పొదిగే కోడిలా కూర్చునేవాణ్ణి. మా బడి పిల్లల తల్లులు ఎవరైనా కనబడి నమస్తే పెడితే కూర్చునే చేతులెత్తేవాణ్ణి. మర్యాద తెలియని సారని అనుకునే ఉంటారు.

నిరుడు ఆషాఢం రాగానే అక్క ఫోను చేసి ఏ ఆదివారం పోదామని అడిగింది. ఆ గుంపులో నీ మోకాళ్ళు ఆగవు అన్నాను. నిజానికి ఆమె మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నాకే విసుగొచ్చింది. అవే చీరలు ఫోనులో ఉన్నాయి, ఇంటికే వస్తాయి అని చెప్పి నాలుగు చీరలు కోదాడ చిరునామాకు పెట్టాను. నచ్చింది ఉంచుకో, మిగతావి వాపసు తీసుకుపోతారు అని విడమరిచి చెప్పాను. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, ఒక్కటీ వాపసు పోలేదు. ఏమైందని అడిగితే, “పుట్టింటోళ్ళు పెట్టిన చీర వాపసిస్తరార? ఎవలన్న వింటే నవ్వుతరు” అన్నది. పంపింది నేను, అంటే పుట్టిల్లు పంపినట్టే. ఎవరూ కట్టుకోలేని చిలకపచ్చది కూడా బీరువాలో పెట్టుకున్నది. నేను చాలాసేపు నవ్వాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒకపూట అట్ల పోయొస్తే బాగుండేదని మెల్లగా అన్నది. వచ్చే ఏడు తప్పకుండా పోదామన్నాను. సరే అన్నది.

ఆ వచ్చే ఏడు ఆషాఢం నాటికి అక్క మంచం పట్టింది. మా ఆవిడ వారం ముందే కోదాడ వెళ్ళి ఆమె దగ్గర ఉన్నది. ఒక పొద్దున మా ఆవిడే ఫోను చేసి అక్క పోయిందని చెప్పింది, పుట్టింటి చీర తీసుకొని రమ్మన్నది. పెళ్ళైన ఆడమనిషి పోతే మా దిక్కు పుట్టింటి చీర రావాలి. అది కప్పందే పాడె లేపరు. అమ్మా నాయినా లేరు, ఇక పుట్టిల్లంటే నేనే. మిర్యాలగూడలో దుకాణం తలుపు తీసేదాకా బయట నిలబడ్డాను. నాతో పాటు చానామంది ఆడవాళ్ళు నిలబడ్డారు. సేలు నడుస్తున్నది.

లోపలికి వెళ్ళాక నాకేమీ తోచలేదు. ఇన్నేళ్ళు చీరల మీద కూర్చున్నానే గానీ ఒక్కటీ ఎంచింది లేదు. ముత్తైదువగా పోయింది కాబట్టి ఎరుపో పసుపో కావాలనుకున్నాను. కుంకుమరంగు చీర ఒకటి చేతికి తీసుకొని, ఎందుకు నడుస్తున్నానో తెలియకుండానే గుమ్మం దాకా నడిచాను. బిల్లు కాకుండా బయటికి పోతున్నాననుకొని వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మే ఆయన వెనకే వచ్చి, ఎవరికి సార్ అని అడిగాడు. అక్కకు అన్నాను.

“అయితే అక్కను గూడ తోల్కరాకపోయినవా సార్. ఆమెకు నచ్చింది ఆమెనే తీస్కుంటుండె.”

“వస్త అన్నది. నేనే వద్దన్న.”

ఆయన ఏదో మర్యాదకు నవ్వి చీర మడతపెట్టాడు. బిల్లు దగ్గర వరుసలో నిలబడ్డాను. ముందున్నావిడ నా చేతిలోని చీర చూసి, రంగు మంచిగున్నది, ఇంకోటి ఉన్నదా అని అడిగింది. అటు పక్కన ఉన్నాయని చూపించాను. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి అందరూ నా కోసమే చూస్తున్నారు. చీర కప్పారు. మా ఆవిడ ఏడ్చింది, బావ ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటిదాకా రాలేదు. లోపల ఏమన్నా ఉందా అని వెతుక్కుంటే ఏమీ తగలడం లేదు. వచ్చే ఏడు పోదామని చెప్పిన రోజున, ఆ వచ్చే ఏడు నా జేబులో ఉన్నట్టే చెప్పాను.