మామకు చెప్పు, అత్తకు చెప్పు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తన గురించి ఉండే అభిప్రాయం, ఆ తర్వాత జీవితంలో మళ్లీ ఎప్పుడూ అంత గొప్పగా ఉండదు. నాంపల్లిలో మెట్రో స్తంభాల కోసం రోడ్లు తవ్విపోసి, మనుషులు దుమ్ములో దారి వెతుక్కుంటూ నడుస్తున్న ఆ రోజుల్లో నేనొక దినపత్రికలో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌ని. విలేకరులు పంపిన వార్తల్లో గుచ్చుకునే మాటలుంటే వాటి మొనలు అరగదీసి అచ్చుకు పంపడం నా పని. ఆఫీసులో ఆ పనికి నన్ను మెచ్చుకున్నవాళ్లు లేరు. అదే పని ఇంట్లో కూడా చేసేదాన్ని. ఇల్లంటే మా మామ ఇల్లు, నాంపల్లి స్టేషన్ వెనక సందులో మేడ మీద రెండు గదులు, ఒక వంటిల్లు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, అబిడ్స్‌లో ఆయనకు చిన్న కళ్లద్దాల దుకాణం ఉండేది. అత్తమ్మ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. వాళ్లకు చిట్టి అని ఒక్కతే కూతురు, అప్పటికి ఒకటో తరగతి. సిద్దిపేట నుంచి పెట్టె పట్టుకుని దిగిన నన్ను ఇద్దరూ సొంత బిడ్డలా చూసుకున్నారు. ఆ ఇంట్లో లోటల్లా ఒక్కటే. మామా అత్తమ్మా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పేవారు. (అత్తమ్మ తమ్ముడి పెళ్లికి మామ ఆలస్యంగా వెళ్లాడని మా అమ్మ అనేది. ఆలస్యం సంగతి పోనీ, వెళ్లి భోంచేయకుండా వచ్చేశాడని అత్తమ్మ వైపువాళ్లు అనేవారు. చిట్టి మాత్రం "వాళ్లకు మాటలు అయిపోయినయి అక్కా" అనేది, ఇంట్లో బియ్యం అయిపోయాయన్నంత మామూలుగా.) మామ ముందుగదిలో టీవీ ముందు కూర్చునేవాడు. అత్తమ్మ వంటింట్లో ఉండేది. మధ్యలో పర్దా, ఆ పర్దా దగ్గర నేను. "మీ మామకు చెప్పు, రేపు చిట్టి స్కూల్ల మీటింగున్నది. దుకాణం ఒక్కపూట మూస్తె ఆయన రాజ్యం కూలిపోదు. పోయినసారి లెక్క మొహం చాటేస్తె పిల్లకు తండ్రి లేడని రాయిస్తనని చెప్పు" అని అత్తమ్మ గిన్నెల చప్పుడు మధ్య అనేది. నేను పర్దా దాటి వచ్చి, "మామా, రేపు చిట్టి స్కూల్ల మీటింగంట. నువ్వొస్తే పిల్ల సంబురపడ్తదని అత్తమ్మ అంటున్నది" అని చెప్పేదాన్ని. మామ తల గోక్కుని, "గా పంతులమ్మల ముందట చేతులు కట్టుకోని కూసోవాలె గద. సరే తియ్, ఎన్ని గంటలకో అడుగు" అనేవాడు. నేను లోపలికి వెళ్లి, "తప్పకుండ వస్తడంట, ఎన్ని గంటలకని అడుగుతున్నడు" అనేదాన్ని. మూడేళ్లు ఆ ఇంట్లో ఇలాగే గడిచింది. కుక్కర్ కూతల్లో, టీవీ గోలలో అసలు మాటలు ఇవతలికి రావని నా నమ్మకం. నా వల్లే ఇద్దరు మనుషులు రోజూ ఇంత అన్నం తిని పడుకుంటున్నారని లోలోపల ఎంత గర్వపడేదాన్నో చెప్పలేను.

తర్వాత కాచిగూడలో తోటి అమ్మాయిలుండే హాస్టల్లో మంచం ఖాళీ అయితే వెళ్లిపోయాను. నాకంటూ ఒక కిటికీ కావాలనిపించింది, అంతే. అత్తమ్మ ఆవకాయ కట్టిచ్చింది, మామ పెట్టె మోసుకుంటూ మెట్లు దిగాడు. ఎండాకాలం రాకముందే అత్తమ్మ చిట్టిని తీసుకుని గౌలిగూడలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఏడాదికి పైగా విడివిడిగా ఉన్నాక, విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారని అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "నువ్వు పేపర్ల పని చేస్తవు గదనే, జర ఆపరాదే" అంది. (మా అమ్మ దృష్టిలో పత్రికలో పనిచేసేవాళ్లు వర్షాన్ని కూడా ఆపగలరు.)

వాళ్లు వెళ్లిన వకీలమ్మ ఆఫీసు అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండేది. ఆవిడ తండ్రి ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. మొగుడూ పెళ్లాలిద్దరినీ ఒకసారి తన బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టి, చుట్టాలెవరూ లేకుండా మాట్లాడించందే ఆవిడ పిటిషన్ రాయదని పేరు. నేనెందుకు వెళ్లానంటే, మామ విడిగా ఫోన్ చేసి రమ్మన్నాడు, అత్తమ్మా విడిగా ఫోన్ చేసి రమ్మంది. బయట బల్ల మీద కూర్చుని, కింద చెప్పుల దుకాణం వాడి పిలుపులు వింటూ ఉన్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"నువ్వేనా అమ్మాయ్ వాళ్ల మేనకోడలివి? లోపలికి రా తల్లీ" అంది వకీలమ్మ విసుగ్గా. "నేనడిగితే నాకు చెప్తున్నారు. ఒకరికొకరు చెప్పుకోండయ్యా అంటే ఇద్దరూ తలుపు వైపే చూస్తున్నారు. రేపు కోర్టులో జడ్జిగారి ముందు ఎవరి మాట వాళ్లే చెప్పాలి, అక్కడ నువ్వుండవు కదా."

బల్ల చివర, ఇద్దరి మధ్యా నాకొక కుర్చీ వేశారు. నేను కూర్చోగానే అత్తమ్మకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "మీ మామకు చెప్పు, చిట్టి నా తాననే ఉంటది. ఐతారం వచ్చి తోలుకపోవచ్చు. దుకాణమున్నది, తలకాయ నొస్తున్నది అని కతలు పడితె మల్ల పిల్ల మొహం గూడ చూపియ్య." నేను అలవాటుగా మామ వైపు తిరిగాను. "మామా, చిట్టి అత్తమ్మ దగ్గరుంటదంట. ఐతారం నువ్వెప్పుడొచ్చినా మంచిదేనంట."

వకీలమ్మ కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "ఆవిడ అన్నది అదేనా?"

అప్పుడు తెలిసింది నాకు, ఈ గదిలో పర్దా లేదు, కుక్కర్ లేదు. చెవులు కాలిపోయాయి. మామ తిడతాడని తల వంచుకున్నాను.

"ఈ పిల్ల గంతే మేడం" అన్నాడు మామ శాంతంగా. "మూడేండ్లు గిట్లనే చెప్పింది."

"మీకు తెలుసా?"

"తెల్వకేం? నడుమ ఉన్నది పర్దనాయె, గోడనా? అన్నీ వినవడ్తుండె. ఈమె అన్నది చెవుల వడేది, మండేది. మల్ల గీ పిల్లొచ్చి మంచిగ చెప్పేది. నేను గీ పిల్ల చెప్పినదానికే జవాబిస్తుంటి."

అత్తమ్మ బల్ల అంచును గోటితో గీరుతూ, "నేను గూడ గంతే" అంది. "ఆయన అన్నది నాకూ వినవడ్తుండె. ఈ పిల్ల వచ్చి చెప్పినంక, ఆయన గట్లనే అన్నడనుకోని వంట చేస్తుంటి."

అంటే ఇద్దరూ నేను దిద్దక ముందుదీ, దిద్దిన తర్వాతదీ రెండూ వింటూనే ఉన్నారు. వాళ్లకు నచ్చింది నేను తయారుచేసిన మొగుడూ, నేను తయారుచేసిన పెళ్లామూ. ఆ ఇద్దరూ నా నోట్లో తప్ప ఇంకెక్కడా లేరు. నేను పెట్టె సర్దుకున్న రోజున ఆ మొగుడూ పెళ్లామూ కూడా ఆ ఇంట్లోంచి వెళ్లిపోయారు.

వకీలమ్మ ఎన్ని కాపురాలు చూసిందో ఏమో, ఆవిడ ముఖంలో చిన్న ఆశ మెరిసింది. "అయితే ఈ అమ్మాయి మళ్లీ వచ్చి మీతో ఉంటే?" అంది, సగం నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. "వస్తే... ఉంట" అన్నాడు మామ గోడ వైపు చూస్తూ. "ఊఁ" అంది అత్తమ్మ. ముగ్గురూ నా వైపు తిరిగారు. "చిట్టి కోసం, ఓ రెండేళ్లు" అంది వకీలమ్మ మెల్లగా. కాచిగూడ కిటికీ గుర్తొచ్చింది, అమ్మ ఏడుపు గుర్తొచ్చింది, చిట్టి గుర్తొచ్చింది. ఒప్పుకోవడానికే నోరు తెరిచాను. (త్యాగబుద్ధితో కాదు. కాదంటే ఇంటికెళ్లి అమ్మకు ఏం చెప్పాలో తెలియక.)

"వద్దు" అంది అత్తమ్మ. నేను మామకు చెప్పబోయాను. ఆమె అప్పటికే కుర్చీ తిప్పుకుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. "దాన్ని అడగకున్రి. దానికీ ఒక బతుకున్నది. మన నడుమ పర్ద లెక్క ఎన్నేండ్లు నిలవడ్తది?"

ఆ మాట చేరవేయాల్సిన అవసరం లేదని గ్రహించడానికి నాకు కాస్త సమయం పట్టింది. మామ మెడ పక్కకు వంచి ఆమెను చూశాడు. "ఔ. వద్దు. నేనూ గదే అందామనుకున్న."

"అనలే గద."

"నువ్వు అననిస్తివా?"

ఆ తర్వాత వాళ్లు ఆగలేదు. ఆదివారాలు, ఎండాకాలం సెలవులు, పిల్లకు పంటి డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లాలి, అన్నీ మాట్లాడుకున్నారు. మెత్తగానేం కాదు. "లేటైతే పంపియ్య" అని ఆమె, "పంపియ్యకుంటె మీ గల్లిలనే కూసుంట" అని ఈయన. నేనైతే ఒక్కటీ అచ్చుకు పంపేదాన్ని కాదు. ఒక్క మాటా ఎవరినీ చంపలేదు. మధ్యలో కూర్చున్న నన్ను కాస్త వెనక్కి జరగమన్నాడు మామ, ఆమె ముఖం కనబడటం లేదని.

"ఇంత చక్కగా మాట్లాడుకుంటున్నారు కదమ్మా, ఇంకోసారి ఆలోచించుకోకూడదూ?" అంది వకీలమ్మ.

"విడిపోతున్నం గనుకనే మాటొస్తున్నది మేడం" అంది అత్తమ్మ. మామ తల ఊపాడు. వకీలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పిటిషన్‌కు కావలసిన వివరాలు రాసుకోవడం మొదలుపెట్టింది.

కిందికి దిగాక అత్తమ్మ గౌలిగూడకు ఆటో ఎక్కింది. మామ నా వైపు తిరిగి "మీ అత్తకు చెప్పు..." అని ఆగిపోయాడు. తనే నాలుగడుగులు వేసి ఆటోలోకి వంగి ఏదో అన్నాడు. అదే సమయానికి వెనక నుంచి ఆర్టీసీ బస్సు ఒకటే హారన్. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. తర్వాత నవ్విందో, ఎండకు ముఖం చిట్లించిందో తెలియలేదు. ఆటో కోఠీ వైపు వెళ్లిపోయింది.

"ఏమన్నవ్ మామా?" అని అడిగాను.

"నీకెందుకే?" అన్నాడు. అంతవరకూ నన్ను ఆ మాట ఎన్నడూ అనలేదు. రోడ్డు దాటి దుకాణానికి వెళ్లిపోయాడు.

నా రెండేళ్లు నాకు మిగిల్చినందుకు సంతోషించవలసింది. నేను మాత్రం అలిగాను, ఆ ఒక్క మాట నా చేతుల మీదుగా పోనందుకు. ఇప్పుడు అప్పటి నన్ను తలుచుకుంటే జాలీ వస్తుంది, నవ్వూ వస్తుంది. అబిడ్స్ బస్టాపులో సంచీ గుండెకు హత్తుకుని నిలబడి, ఆటోలోకి వంగి ఆయన ఏమని ఉంటాడో ఆ పిల్ల మనసులో రాసుకుంటోంది. ఒకసారి రాసి, బాగా లేదని కొట్టేసి, ఇంకాస్త మెత్తగా మళ్లీ రాసింది. కాచిగూడ బస్సు వచ్చేదాకా రాస్తూనే ఉంది. ఒక్కటీ మామ మాటలా లేదు.