పిన్ని షాపులో కొలతలు చెరిపేశాను

ఇంజనీరింగు చదివే ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏదైనా తెలియనిది ఎదురైతే అది అనవసరమైందని తేల్చేసేదాన్ని. ఆ ధీమాతోనే మొదటి ఏడాది సెలవుల్లో చిలకలూరిపేటలో మా పిన్ని టైలరింగు షాపుకి ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాను. ఎక్కడో అద్దె సర్వర్లో కాదు, కుట్టుమిషన్ పక్కనున్న పాత కంప్యూటర్లోనే నడిచేది. పిన్ని ఫోన్లో పేరు కొడితే ఆ మనిషి జాకెట్టు కొలతలు వచ్చేవి. నేను చివరి ఏడాదికొచ్చేసరికి పేటలో సగం మంది ఆడవాళ్ల భుజాలూ చేతులూ అందులో చేరాయి.

ఇంతలో కొత్త కంప్యూటర్ కొన్నాం. పాతదాంట్లోంచి అంతా అందులోకి మార్చాలి. మామూలు మనుషులు చేత్తో కాపీ చేసుకుంటారు (నేను మామూలు మనిషిని కాను). ఒక్క కమాండుతో ముందు కొలతలన్నీ బ్యాకప్ తీసి, వెంటనే అప్లికేషన్ని ఆనవాలు లేకుండా తీసేసేలా స్క్రిప్టు రాశాను. "ఒకసారి సరిచూసుకోవే, అవి పోతే నా కొంప మునుగుద్ది" అంది పిన్ని. "పోవడానికి అవేమన్నా కాగితాలా పిన్నీ?" అని ఎంటర్ నొక్కాను. 'బ్యాకప్ పూర్తయింది. తొలగింపు పూర్తయింది' అని వచ్చింది. రెండూ నిజమే. కాకపోతే బ్యాకప్ దాచమని నేను చెప్పిన చోటు ఆ అప్లికేషన్ ఫోల్డరే. (ఇల్లు కూలగొట్టే ముందు నగలన్నీ భద్రంగా మూటగట్టి, ఆ ఇంటి బీరువాలోనే పెట్టానన్నమాట.)

సాయంత్రం దాకా తంటాలుపడ్డా ఒక్క కొలతా తిరిగి రాలేదు. పిన్ని తిట్టలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. "వచ్చే గురువారం పత్తి జిన్నింగు మిల్లు ఆంటీ వాళ్లింట్లో పెళ్లి. ఇరవై జాకెట్లు. నేను కుట్టనా, ఇల్లిల్లూ తిరిగి కొలవనా?" అని టేపు తీసి నా మెళ్లో వేసింది.

ఆంటీ ఇంటి నిండా చుట్టాలే. "ఏమ్మా, నా కొలతలు నీ కంప్యూటర్ మింగేసిందంటగా?" అంది ఆంటీ, అందరికీ వినపడేలా.

"మింగలేదండీ. నేనే చెరిపేశాను" అన్నాను. ఆ మాట అంటే తల తెగిపోతుందనుకున్నాను గానీ, తెగలేదు. టేపు చుట్టి, "ఛాతీ నలభై రెండు" అని పైకే చదివాను.

"నలభై రెండేంటి? మీ పిన్ని దగ్గర ముప్పై ఎనిమిదేగా ఉంది!"

మళ్లీ కొలిచాను. నలభై రెండే. అప్పుడు ఆవిడ తోటికోడలు పగలబడి నవ్వింది. "అందుకా అక్కా, నీ పట్టు జాకెట్టు చంకల దగ్గర పిగిలింది! టైలరుకి కుట్టడం రాదని వీధంతా చెప్పావుగదా!"

ఆంటీ ఎర్రబడి, తర్వాత తనూ నవ్వేసింది. ఆ పెళ్లిలో ఇరవై జాకెట్లూ అతికినట్టు సరిపోయాయి. మూడేళ్ల పాత కొలతలతో కుడుతూ పిన్ని అన్నాళ్లూ మాటలు పడుతోందని మాకప్పుడే తెలిసింది. (అలాగని నన్ను క్షమించిందనుకోకండి. మిగతా పేటంతా నాతోనే కొలిపించింది.)

ఇప్పుడు నా ఉద్యోగమే బ్యాకప్‌లు తీయడం, పాత అప్లికేషన్లు తీసేయడం. నా స్క్రిప్టు ముందు బ్యాకప్‌ని వేరే మెషీన్లో తెరుస్తుంది, నాలుగు పేర్లు వెతికి చూస్తుంది, ఆ తర్వాతే తీసేసే పనికి దిగుతుంది. ఈ ఉద్యోగంలో ఇంతవరకు దేన్నీ పోగొట్టలేదు, ఆ మాట ధైర్యంగానే చెప్పగలను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి, ఈవిడ పుట్టినప్పట్నుంచీ ఇంత నెమ్మదే కాబోలు అనుకుంటారు. లోపల నవ్వుకుంటాను గానీ, కాదని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.